ఫోటోలో పడని ముసలాయన

వ్యాపారాలను చూసి, వాటి మీద అధ్యయనాలు రాసే పనిలోకి మీరు కొత్తగా వస్తున్నారు. చదవాల్సిన పుస్తకాలు చదివే ఉంటారు. నేను చెప్పేది వాటిలో ఉండదు కాబట్టి ఓపిక చేసుకుని వినండి. ఈ పనిలో ముప్పాతిక వంతు ఎదుటివాడి దుకాణంలో బల్ల మీద ఊరికే కూర్చోవడం. మిగిలిన పావు వంతు, ఆ బల్ల మీద మన పక్కన ఇంకెవరు కూర్చున్నారో చూసుకోవడం. ఈ రెండోది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు తెలిసేలోపు ఒక మనిషి బతుకు వీధిన పడబోయింది.

నాకొచ్చిన హోదాల గురించి రాయను. నిజానికి వాటి వరస కూడా గుర్తు లేదు. మధ్యాహ్నం భోజనం చేసి వాలు కుర్చీలో నడుము వాలిస్తే, కునుకు పట్టీ పట్టకముందు నాకు వినిపించేది ఒకటే. ఖర్జూరపు తోటలో సన్నటి కాలువ చప్పుడు. దాని వెనకే డీజిలు పంపు దగ్గు. ఆ రెండూ కలిసి నన్ను అల్ ఐన్ తీసుకుపోతాయి. మా ఆవిడ వచ్చి కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "మళ్ళీ ఎడారికి వెళ్ళారా?" అంటుంది.

లాభం లేని ఆఫీసు

డెబ్బైల రెండో సగంలో నేను తణుకు దగ్గర ఒక కాలేజీలో కామర్స్ ట్యూటర్‌ని. పత్రికలో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను. ఉద్యోగం దుబాయ్‌లో. దేరాలో, బట్టల కొట్టు పైన రెండు గదుల ఆఫీసు. కిటికీ తెరిస్తే క్రీక్ అనే సముద్రపు పాయ నీళ్ళు, నీళ్ళ మీద చెక్క పడవలు, పడవల మీద బియ్యం బస్తాలు, ఫ్రిజ్‌లు, మేకలు. ఎండ నీళ్ళ మీద పడి మా గది పైకప్పు మీద కదులుతూ ఉండేది. నేను టైపు కొడుతూ కొడుతూ తలెత్తి ఆ వెలుగునే చూస్తూ ఉండిపోయేవాణ్ణి.

కొందరు వర్తకులు, కొందరు పంతుళ్ళు కలిసి పెట్టిన సంఘం మాది. ప్రైవేటు వ్యాపారం ఎలా పుడుతుంది, ఎలా నిలబడుతుంది, ఎందుకు మూతపడుతుంది అని అధ్యయనం చేయించడం, ఉపన్యాసాలు పెట్టించడం, మూడు నెలలకోసారి ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ ఒక పత్రిక వేయడం దాని పని. అమ్మకం లేదు, లాభం లేదు. మా గదిలో నాతో ఉండే అమలాపురం సత్తిబాబు ఓడరేవులో గుమస్తా. అతనికి ఇది పెద్ద వినోదం. "ఏవండీ మాస్టారూ, లాభం ఎలా వస్తదో చదవటానికి లాభం లేని ఆఫీసు పెట్టేరా? మీ డైరెక్టరు గారిని ఓసారి మా రూముకి తీసుకురండి. చేపల పులుసు పెట్టి, ఆయన చెప్పిందంతా వినేస్తాం" అనేవాడు.

డైరెక్టరు డాక్టర్ నదీమ్. లెబనాన్ మనిషి. బీరూట్‌లో పాఠాలు చెప్పేవారు. యుద్ధం వచ్చి కాలేజీ మూతపడితే రెండు పెట్టెల పుస్తకాలతో ఇక్కడికి వచ్చేశారు. ఆయనకు ఒక నమ్మకం. ప్రతి వ్యాపారం వెనకా ఒకే ఒక్క మనిషి ధైర్యం ఉంటుందని. "వీధులు కాలిపోవడం చూశాను. ప్రభుత్వాలు పోవడం చూశాను. మర్నాడు పొద్దున బూడిద ఊడ్చి దుకాణం తెరిచేది ఒక్క మనిషే" అనేవారు. అందుకని మా పత్రికకు ఆయన పెట్టిన సూత్రం: ఒక మనిషి, ఒక పనిముట్టు, ఒక వాక్యం. అట్ట మీద ఫోటోలో మనిషీ, అతని పనిముట్టూ తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఫోటో కింద ఒకే వాక్యం.

మంచివారు. నాకు పని నేర్పింది ఆయనే. మొదటి టీ తాగేటప్పుడు కాగితం బయటికి తీయకూడదని, రెండో టీకి కలం కూడా తీయకూడదని, మూడో టీకి అవతలివాడే "రాసుకోరా?" అని అడగాలని చెప్పింది ఆయనే. అడిగాక తీయాల్సిన కాగితాన్ని కూడా ఆయనే తయారుచేశారు. యజమాని పేరు, ఊరు, మొదటి పనిముట్టు, మొదటి ఖాతాదారు, ఎదురైన అడ్డంకి, దాటిన విధం. ఆరు గళ్ళు. ఆ ఆరు గళ్ళలోకి ప్రపంచం మొత్తం పడుతుందని నేను మనసారా నమ్మాను. ముప్పై ఏళ్ళు నిండని వయసు మరి.

అల్ ఐన్‌లో మూడు రోజులు

అల్ ఐన్‌లో పంపులు బాగుచేసే ఒక తెలుగువాడు ఉన్నాడని సత్తిబాబే చెప్పాడు. ఎగిరి గంతేశాను. మనవాడు, మన భాష, పైగా సొంత దుకాణం. కెమెరా సంచిలో వేసుకుని పొద్దున్నే షేర్ టాక్సీ ఎక్కాను. అప్పటి ఆ రోడ్డు మీద రెండు గంటలు ఇసుక తప్ప ఏమీ ఉండేది కాదు. ఎర్రటి ఇసుక గాలికి తారు మీద పాకుతూ ఉంటే, కారు కదలడం లేదనీ, ఇసుకే వెనక్కి పోతోందనీ అనిపించేది. తరవాత హఠాత్తుగా ఆకుపచ్చ. ఖర్జూరపు తోటలు, మట్టిగోడలు, గోడల వెనక చల్లటి నీడ.

రాజన్నది జగిత్యాల పక్క పల్లె. ముప్పై అయిదేళ్ళుంటాయి. రోడ్లు వేసే కంపెనీలో కూలీగా వచ్చాడు. ఇప్పుడు రోడ్డు వారన ఒక పాత ఇంటి ముందరి గదిలో దుకాణం. లోపల విప్పేసిన పంపులు, డీజిలు వాసన. గుమ్మం పక్కన ఒక పొడుగాటి బల్ల. ఆ బల్ల మీద రోజూ ఒక అరబ్బు ముసలాయన కూర్చుని ఉండేవాడు. తెల్ల గడ్డం, కందూరా అనే వెలిసిపోయిన పొడుగు అంగీ, చేతిలో ఇత్తడి కాఫీ కూజా. వచ్చినవాడికల్లా బుల్లి కప్పులో యాలకుల కాఫీ పోసి, రెండు ఖర్జూరాలు పెట్టేవాడు. నాకూ పోశాడు. మూడు రోజులూ పోశాడు. పనిలేని పెద్దాయన, దుకాణం చల్లగా ఉందని వచ్చి కూర్చుంటున్నాడు కాబోలు అనుకున్నాను.

మూడో టీ దాకా ఆగక్కర్లేకపోయింది. తెలుగు వినేసరికి రాజన్న పొంగిపోయాడు.

"మా బాపుకు బాయి మీద ఆయిలింజను ఉండె సార్. గా ఇంజను దగ్గినా, తుమ్మినా నాకెరికే. ఈడ కంపెనీ పనిల ఉన్నప్పుడు ఈ తోట పక్క నుంచి వోతుంటె ఒక పంపు అచ్చం మా ఇంజను లెక్కనే దగ్గింది. దూకిపోయిన. గంటల నడిపిచ్చిన."

నా ఆరు గళ్ళూ నిండిపోయాయి. యజమాని: రాజన్న. మొదటి పనిముట్టు: ఒక స్పానరు. మొదటి ఖాతాదారు: తోట రైతు. అడ్డంకి: పరాయి దేశం, రాని భాష. దాటిన విధం: నైపుణ్యం.

మూడో రోజు ఫోటో. గుమ్మంలో ఎండ బాగా పడుతోంది. రాజన్నను పంపు పక్కన, స్పానరు చేత్తో పట్టించి నిలబెట్టాను. కెమెరాలో చూస్తే బల్ల మీద ముసలాయన సగం కనబడుతున్నాడు. ఒక మనిషి, ఒక పనిముట్టు అనే సూత్రం చెడిపోతోంది. దగ్గరికి వెళ్ళి, నాకొచ్చిన రెండు ముక్కల అరబ్బీలో, "బాబా, షువయ్య" అన్నాను. కొంచెం పక్కకు అని. ఆయన నా వంక చూశాడు. రాజన్న వంక చూశాడు. మెల్లగా లేచి గోడ అవతలికి వెళ్ళి ఎండలో నిలబడ్డాడు.

రాజన్న ఏదో అనబోయి ఊరుకున్నాడు. నేను ఆ సంగతి గమనించాను కూడా. సిగ్గుపడుతున్నాడనుకుని, "నవ్వు రాజన్నా" అన్నాను.

ఖలాస్

పత్రిక వచ్చింది. అట్ట మీద రాజన్న, స్పానరు. కింద డాక్టర్ నదీమ్ రాసిన ఒక్క వాక్యం: 'ఎవరి అండా లేకుండా, ఒంటరిగా తన దుకాణాన్ని నిలబెట్టుకున్న యజమాని.' అరబ్బీలో ఇంకా గంభీరంగా ఉందట. నేను పది ప్రతులు అల్ ఐన్‌కు పంపించి, రాజన్న ఊరి వాళ్ళకు చూపించుకుంటాడని మురిసిపోయాను.

మూడు వారాలకు రాజన్నే మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. చేతిలో ఆ పత్రిక చుట్ట చుట్టి ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఇండ్ల ఏం రాసిన్రు సార్?"

చదివి వినిపించాను. తెలుగులో చెప్పేసరికి నాకే అది కొంచెం ఎక్కువనిపించింది. రాజన్న మొహం మాడిపోయింది.

"గట్లనా! గందుకే. నాకు సదువు రాదు, మంది నవ్వుకుంట అన్నరు గని నిజంగ ఏం రాసిన్రో ఎరుకలేకపాయె. గా ముసలాయన ఎవరనుకున్నరు సార్? అబూ జాసిం. నా కఫీల్. లైసెన్సు ఆయన పేరు మీద ఉంది, నా వీసా ఆయన పేరు మీద ఉంది, గా దుకాణం అర్ర ఆయనదే."

ఆ దేశంలో బయటి నుంచి వచ్చినవాడు ఏ పని చెయ్యాలన్నా పూచీగా నిలబడే స్థానికుడు ఉండాలి. అతనే కఫీల్. ఈ సంగతి నాకు తెలియదా అంటే, తెలుసు. నా వీసా కూడా ఒక కఫీల్ పేరు మీదే ఉంది. కానీ నేను చూసిన కఫీల్‌లు కార్లలో వచ్చి సంతకం పెట్టి పోయేవాళ్ళు. బల్ల మీద కూర్చుని కాఫీ పోసేవాడు కఫీల్ అవుతాడని నాకు తట్టనే లేదు.

రాజన్న చెప్పుకుపోయాడు. అబూ జాసిం ఇంట్లో పది మంది పెద్దమనుషులు కూర్చున్నప్పుడు ఎవరో ఈ పత్రిక పైకి చదివారు. అందరూ నవ్వారు. 'ఒంటరిగా నిలబెట్టాడట. మరి నువ్వెవరు అబూ జాసిం?' అన్నారు. ఆ మర్నాటి నుంచి ఆయన దుకాణానికి రావడం మానేశాడు. బల్ల ఖాళీ. రైతులు వచ్చి, ఖాళీ బల్ల చూసి, పంపు బండిలోంచి దించకుండానే వెళ్ళిపోతున్నారు.

"లైసెన్సు ఇంక పదొద్దులల్ల మళ్ళ కొత్తగ చేయించాలె. ముద్ర గొట్ట అన్నడు. ఖలాస్, ఇంటికి వో అన్నడు. ఇంటికి వోయి ఏం జెయ్యాలె సార్? బాయి ఎండింది. ఇంజను తుప్పువట్టింది. ఆరేండ్ల సంది పెంచుకున్న దుకాణం."

"మూడు రోజులు నీతోనే ఉన్నాను కదా రాజన్నా. ఆయన నీ కఫీల్ అని ఒక్క మాట చెప్పకపోయావా?"

"మీరడగలే సార్" అన్నాడు. అందులో కోపం లేదు. "మీ కాయితంల గా ఖానా లేకుండె."

నాకు తల కొట్టేసినట్టయింది.

డాక్టర్ నదీమ్ గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. సవరణ వేద్దామన్నాను. ఆయన కిటికీలోంచి పడవల వంక చూశారు. "లైసెన్సు మీద ఎవరి పేరుందన్నది చట్టం సంగతి. మనం రాసేది ధైర్యం సంగతి. పంపు బాగుచేసింది అతనే కదా? అయితే మనం రాసింది నిజమే" అన్నారు. నేను గట్టిగా వాదించాల్సింది. వాదించలేదు. పై అధికారి ఎంత మంచివాడైతే అతన్ని కాదనడం అంత కష్టం. మీకూ ఈ ఇబ్బంది వస్తుంది, చూసుకోండి. నేను సెలవు చీటీ టైపు చేసి ఆయన బల్ల మీద పెట్టి, రాజన్నతో పాటు మెట్లు దిగిపోయాను.

నీళ్ళ వంతు

అల్ ఐన్ చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. అబూ జాసిం తోటలో ఉన్నాడు. ఖర్జూరపు చెట్ల కింద చాప మీద కూర్చుని, పాదాల దగ్గర పారబోయే పిల్లకాలువ వంక చూస్తున్నాడు. కాలువ అప్పటికి ఎండి ఉంది. నేను సలాం చెప్పాను. బదులు చెప్పాడు. అంతే, ఇంకో మాట లేదు. రాజన్న ఏదో మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నీళ్ళొచ్చేదాక మాట్లాడడట సార్" అన్నాడు రాజన్న గుసగుసగా.

కొండల కింద నుంచి తవ్వుకొచ్చిన కాలువ అక్కడి తోటలకు ప్రాణం. ఫలజ్ అంటారు. ఒక్కో తోటకు ఒక్కో వంతు. నేలలో పాతిన కర్ర నీడ ఎక్కడికి వస్తే ఎవరి వంతు మొదలో పెద్దవాళ్ళకు తెలుసు. ఆ నీడ వచ్చేదాకా ఎంతటివాడైనా కూర్చోవాల్సిందే.

మేమూ కూర్చున్నాం. ఎంతసేపో చెప్పలేను. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా చాప మీద పడుతోంది. ఎక్కడో గువ్వలు కూస్తున్నాయి. మట్టి వాసన, పండిన ఖర్జూరం వాసన. ఎదుటి మనిషి బతుకు పోతోందని వచ్చినవాణ్ణి, నా కళ్ళు మూతలు పడ్డాయి. చెప్పుకోవడానికి సిగ్గే. కానీ ఆ నీడలో ఏదో ఉంది. కలలో నా కాగితాలన్నీ, ఆరు గళ్ళ కాగితాలు, ఒకదాని వెనక ఒకటి కాలువలో పడి పోతున్నాయి. నేను వాటి వెంట నడుస్తున్నాను గానీ వంగి తీయడం లేదు. ఒక్కో కాగితం తడిసి, గీతలు కరిగి, గళ్ళు పోయి తెల్లగా అవుతోంది. నాకు భయం వేయలేదు. హాయిగా ఉంది.

మెలకువ వచ్చేసరికి ఎండ జరిగింది. నేను పడుకున్న చోట ఇప్పుడు ఎండ ఉండాలి. కానీ నేను నీడలోనే ఉన్నాను. నా చాపను ఎవరో జాగ్రత్తగా పక్కకు లాగారు. రాజన్న వంక చూశాను.

"నేను గాదు సార్. ఆయనే గుంజిండు. 'షువయ్య, షువయ్య' అనుకుంట."

నేను ఆయన్ని ఎండలోకి జరిపినట్టే నన్నాయన నీడలోకి జరిపాడు. అప్పుడే చప్పుడైంది. అవతలి తోటలో మట్టి కట్ట తీశారు. ముందు ఎండుటాకులు, వాటి వెనక నురగ, ఆ వెనక నీళ్ళు. అబూ జాసిం కాళ్ళు రెండూ కాలువలో పెట్టుకుని, మొదటిసారి నా వంక తిరిగాడు.

ఆయన అరబ్బీ నాకు అర్థమయ్యేది కాదు. వాక్యం వాక్యం రాజన్న తెలుగులో చెప్పాడు. అందుకే ఈనాటికీ ఆ ముసలాయన గుర్తొస్తే, నాతో జగిత్యాల భాషలో మాట్లాడినట్టే ఉంటుంది.

"'దుకాణం నాదని నేనెన్నడన్న అన్ననా?' అంటున్నడు సార్. 'పంపుల సంగతి నాకేం ఎరుక? అది రాజన్నదే.'"

ముసలాయన జేబులోంచి మా పత్రిక తీశాడు. నాలుగు మడతలు పెట్టి ఉంది. అట్ట మీద ఫోటోలో కింద మూలకు వేలు పెట్టి చూపించాడు. నేను అంత జాగ్రత్తగా తీసిన ఫోటోలో, ఖాళీ బల్ల చివర ఇత్తడి కాఫీ కూజా ఉంది. నేనెన్నడూ చూడలేదు.

"'నా కాఫీ కూజ పడ్డది. నేను పడలే' అంటున్నడు. 'మూడొద్దులు నా కాఫీ తాగినవ్. నీ పేరేందని గూడ నన్ను అడగకపోతివి. పరాయోడు వచ్చినప్పుడు వాని పేరు, వాని తండ్రి పేరు అడుగుడు మా దగ్గర మర్యాద. మీ దగ్గర లేదా?' అంటున్నడు సార్."

మా దగ్గరా ఉంది. గోదావరి జిల్లాల వాణ్ణి నేను. ఇంటికొచ్చినవాడి ఊరూ పేరూ ఏడు తరాలూ అడక్కుండా మంచినీళ్ళయినా ఇవ్వం. దాన్ని ఆరు గళ్ళ కాగితం కోసం వదిలేసుకున్నాను. కళ్ళ నీళ్ళు తిరిగాయి. "రాజన్నా, తప్పయిపోయిందని చెప్పు. నీ మీద కోపం వద్దని, ఆ తప్పు నాదని చెప్పు" అన్నాను.

అదే కాగితం మళ్ళీ

అబూ జాసిం నీళ్ళ వంకే చూస్తూ అడిగాడు. "'కాయితం తెచ్చినవా?' అంటున్నడు."

సంచిలో ఒకటి ఉంది. తీశాను. నేను అప్పటికప్పుడు ఒక ప్రశ్న వేశాను. అది మా కాగితంలో లేదు, ఎవరూ నేర్పలేదు. "ఎవరు రాకపోతే రేపు ఈ దుకాణం తెరుచుకోదు?" అని.

రాజన్న ఆ ప్రశ్నను అరబ్బీలోకి మార్చలేదు. తనే జవాబు చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి నెలల్లో ఒక్క పంపూ రాలేదట. పరాయివాడి చేతిలో పంపు ఎవడు పెడతాడు? తోట ఎండితే? అప్పుడు అబూ జాసిం ఇంట్లోంచి ఆ బల్ల తెప్పించి గుమ్మం పక్కన వేయించాడు. కూజా పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. ఆయన కాఫీ తాగడానికి రైతులు ఆగారు. ఆగినవాళ్ళు మాట్లాడారు. మాట్లాడినవాళ్ళు పంపు దించారు. ఆయన ఏమీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. ఊరికే కూర్చున్నాడు, ఆరేళ్ళు.

"ఆయన కూసున్నడు గనుకనే వచ్చిన్రు సార్. నా స్పానరు చూసి ఎవడొచ్చిండు?"

నేను రాశాను. వర్తకులూ పంతుళ్ళూ నడిపే మా పత్రికలో నమ్మకం అనే మాట ప్రతి సంచికలోనూ ఉంటుంది. అది ఒక బల్ల మీద కాఫీ కూజాతో కూర్చుని ఉంటే మాత్రం నేను లేచి పక్కకు జరగమన్నాను.

రాసింది రాజన్న అరబ్బీలో చెప్పాడు. ముసలాయన విని తల ఊపాడు. ఇక ముద్ర వేస్తాడనుకున్నాను. ఆయన వేలు పైకెత్తాడు. రాజన్నను ఏదో అడిగాడు. రాజన్న కాలువ వంక చూశాడు. మళ్ళీ అడిగాడు. ఈసారి రాజన్న నా వంక తిరిగాడు.

"ఏమంటున్నారు?"

"'నీకు ఇంజను దగ్గు నేర్పినోని పేరు చెప్పినవా, రాయించినవా?' అంటున్నడు సార్. 'ఆయన లేకుంటె నువ్వు నా తోట పక్క నుంచి ఊకెనే నడిచిపోతుంటివి గద' అంటున్నడు."

తన పేరు వదిలేశారని మూడు వారాలు అలిగిన మనిషి, తన పేరు రాయగానే అడిగింది ఇంకొకరి పేరు. తాను ఎన్నడూ చూడని, ఎప్పుడో పోయిన ఒక పల్లెటూరి రైతు పేరు.

"మల్లయ్య సార్" అన్నాడు రాజన్న. "మా బాపు పేరు మల్లయ్య." ఆ మాట అన్నాక మొహం తిప్పుకుని కాలువలో చేతులు ముంచి, కడుక్కుంటున్నట్టు చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

అబూ జాసిం "మలయ్యా" అని రెండుసార్లు పలికి చూసుకున్నాడు. నేను ఆ పేరు కూడా రాశాను. అప్పుడాయన కందూరా జేబులోంచి చిన్న ముద్ర తీశాడు. "యల్లా, త్వరగా, లైసెన్సు కాగితం ఇవ్వు" అన్నట్టు చెయ్యి చాపాడు. రాజన్న తడి చేతులతోనే ఇవ్వబోతే, తుడుచుకో అని కసిరాడు. ఆ కసురు వినగానే రాజన్న మొహంలోకి ప్రాణం వచ్చింది.

మోచెయ్యి

ఆ తరవాత ఎనభైలు గడిచేదాకా నేను అక్కడే పనిచేశాను. ఎన్ని దుకాణాల్లో కూర్చున్నానో. ఎక్కడికి వెళ్ళినా ఆ ప్రశ్న అడిగాను. ఎవరు రాకపోతే రేపు ఇది తెరుచుకోదు? జవాబులో ఒక్క పేరే వచ్చిన దుకాణం నాకు తగల్లేదు. తగిలిందంటే నేను సరిగా అడగలేదన్నమాట. మీరూ అడగండి. కాగితంలో ఆ గడి లేకపోతే వెనక వైపు రాసుకోండి, వెనక వైపు ఎప్పుడూ ఖాళీయే. ఫోటో తీసేముందు ఎవరినైనా పక్కకు జరగమనాలనిపిస్తే, ముందు ఆయన పేరు అడగండి. తండ్రి పేరు కూడా.

డాక్టర్ నదీమ్ సవరణ వేయలేదు. ఆ కాగితం మాత్రం నా దగ్గర తీసుకుని రెండు రోజులు ఉంచుకున్నారు. మూడో రోజు, "బీరూట్‌లో నేను బూడిద ఊడ్చిన రోజు నీళ్ళు తెచ్చిపోసింది మా పక్కింటావిడ. ఆమె పేరు గుర్తు తెచ్చుకోవడానికి చూస్తున్నాను" అన్నారు. తరవాతి సంచికలో లోపలి పేజీలో కొత్త ఫోటో వేశారు. ఆయన సూత్రం ప్రకారం అది పనికిరాని ఫోటో.

ఆ ఫోటో నేను తీయలేదు. నా కెమెరాను అక్కడ ఎవరూ నమ్మే స్థితిలో లేరు. లైసెన్సు చేతికొచ్చిన రోజున ఊళ్ళోంచి స్టూడియో ఆయన్ని పిలిపించారు. అబూ జాసిం ఉతికిన కందూరా వేసుకుని బల్ల మధ్యలో కూర్చున్నాడు. పక్కన రాజన్న, ఒళ్ళో స్పానరు. ఇద్దరి మధ్యా కూజా. వెనక గోడకు, రాజన్న ఊరి నుంచి తెప్పించుకున్న తండ్రి ఫోటో. ఇంత కథ నడిపినవాణ్ణి కదా అని నేను కూడా వెళ్ళి బల్ల చివర నిలబడి జుట్టు సర్దుకున్నాను.

స్టూడియో ఆయన కెమెరా నల్లగుడ్డ కిందికి దూరబోతుండగా ముసలాయన నా వంక తిరిగాడు. మొహంలో నవ్వు లేదు గానీ గడ్డం వణుకుతోంది.

"షువయ్య" అన్నాడు.

రాజన్న పగలబడి నవ్వాడు. నేను పక్కకు జరిగాను. ఆ ఫోటో ఇప్పుడు నా వాలు కుర్చీ ఎదుట గోడకు ఉంది. ముసలాయన పడ్డాడు, రాజన్న పడ్డాడు, మల్లయ్య పడ్డాడు, కాఫీ కూజా పడింది. కుడి అంచున, నాది మోచెయ్యి పడింది.